ఎడమవైపు నుంచి పాట

పోయిన వారం మిక్సీ బాగుచేయించుకుందామని ఒంగోల్లో ఒక రిపేరు షాపుకి వెళ్లాను. స్టూలు మీద కూర్చుని ఉంటే, షాపతను బల్ల మీదున్న పాత ఆంప్లిఫయరుకి కరెంటు ఇచ్చాడు. ముందు చిన్న దీపం వెలిగింది. చప్పుడేమీ లేదు. కాసేపాగి లోపల ఎక్కడో టక్‌మని మీట పడినట్టు వినిపించింది. ఆ వెంటనే, వేడెక్కుతున్న రేకు మీద ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము కమిలిన వాసన వచ్చింది. ఎవరికైనా అది పాత సామాను వాసనే. నాకు మాత్రం చీరాలలో ఒక హాలు కళ్ల ముందుకొచ్చింది. కిటికీ పక్కన మంచం, గంజి వాసన పోని కొత్త చీరల మూటలు, వీధి చివర మరమగ్గాల మోత, నేల మీద చతికిలబడి నల్ల టేపు పళ్లతో కొరుకుతున్న రాజ్యలక్ష్మిగారు. ఆవిడ నాకు పాఠం చెప్పిన టీచరు కాదు, జీతమిచ్చిన యజమానీ కాదు. నా దగ్గర వైద్యం చేయించుకున్న ఒక పెద్దాయన భార్య. కానీ ఫిజియోథెరపీ కాలేజీలో నేర్చుకున్న చదువు తర్వాత, నా పని నాకు నేర్పింది ఎవరని అడిగితే మొదట ఆవిడ పేరే చెబుతాను.

చదువయ్యాక నా మొదటి ఉద్యోగం చీరాలలో ఒక చిన్న క్లినిక్‌లో. క్లినిక్‌కి రాలేనివాళ్ల ఇళ్లకి స్కూటీ మీద వెళ్లి వ్యాయామాలు చేయించడం నా వంతు. అలా వెళ్లిన ఇళ్లలో పూర్ణచంద్రరావుగారిది ఒకటి. ఆయన కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. రాజ్యలక్ష్మిగారు ఇంటి ముందుగదిలో చేనేత చీరల వ్యాపారం చేసేవారు. మగ్గాలవాళ్ల దగ్గర తెచ్చి, ఊళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లకి అమ్మేవారు. పిల్లలు లేరు. ఆయనకి పక్షవాతం వచ్చి, గుంటూరులో ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన కొత్తలో నేను మొదటిసారి వెళ్లాను. ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట మాత్రం చక్కగానే ఉంది. చుట్టాలందరూ "మాట పోలేదు, అదృష్టవంతుడు" అని వెళ్లిపోయారట. అసలు కష్టం మరొకటుందని ఆవిడ ఒక్కరే కనిపెట్టారు.

"ఒకసారి అన్నం తినేటప్పుడు చూడమ్మా," అన్నారు నాతో. మంచం మీద దిళ్లు ఆనించి కూర్చోబెట్టి కంచం పెట్టారు. ఆయన కుడిచేత్తో మెల్లగా కలుపుకుని తిన్నారు. కంచంలో కుడి సగం తుడిచిపెట్టినట్టు ఖాళీ అయింది. ఎడమ సగంలో అన్నం, దోసకాయ పప్పు పెట్టింది పెట్టినట్టే ఉన్నాయి. "ఇవాళ పప్పు చెయ్యలేదా రాజ్యం?" అన్నారాయన. ఆవిడ కంచాన్ని అటుదిటు తిప్పారు. "ఇదిగోనండీ, ఇప్పుడు వేశాను," అన్నారు. ఆయన మళ్లీ తినడం మొదలుపెట్టారు. ఆవిడ వంటింట్లోకి వెళ్లి కొంగుతో ముఖం తుడుచుకోవడం నాకు కనిపించింది.

మెదడులో కుడివైపు దెబ్బ తగిలినవాళ్లలో కొందరికి ఇలా అవుతుంది. కన్ను చూస్తుంది, చెవి వింటుంది. కానీ ఎడమవైపు ఒకటుందన్న ధ్యాసే ఉండదు. గడ్డం గీసుకుంటే కుడి చెంపే గీసుకుంటారు. ఎడమవైపు కూర్చున్న మనిషి వాళ్ల లెక్కలో లేనట్టే. ఇదంతా ఆవిడకి వివరించి, కంచం తిప్పి పెట్టొద్దనీ, ఆయన్నే అటు చూడనివ్వాలనీ, ఏం మాట్లాడినా ఎడమవైపు నుంచే మాట్లాడమనీ చెప్పాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు చేశారు. రోజూ మంచానికి ఎడమ పక్క పీట వేసుకుని కూర్చుని పిలిచేవారు. ఆయన కుడివైపు గోడ చూస్తూ "ఆఁ" అనేవారు. గోడకే సమాధానం చెప్పేవారు. పైగా దేని మీదా ఆసక్తి లేదు. చెయ్యి ఎత్తమంటే "ఎందుకులే" అనేవారు. లేచి కూర్చోమంటే "రేపు చూద్దాం" అనేవారు.

ఒక ఉదయం నేను వెళ్లేసరికి ఆవిడ చీరల మూట విప్పి, మడతలు పెడుతూ ఆలోచిస్తున్నారు. "అమ్మాయ్, నా గొంతు వినీ వినీ ఆయనకి అలవాటైపోయింది. నేను పిలిస్తే తిరగాలని ఏముంది? ఆయన తిరిగేది ఒక్కదానికే," అని హాల్లోని చెక్క అల్మారా వైపు చూపించారు. అందులో ఆంప్లిఫయరు, గది నాలుగు మూలలా స్పీకర్లు, టీవీ కింద ఒకటి, కింద నేల మీద పెద్ద డబ్బాలాంటి వూఫరు ఉన్నాయి. పెళ్లయిన దగ్గర్నుంచీ వాళ్లిద్దరికీ పోట్లాటంటూ వస్తే ఆ సామాను గురించేనట. వయసులో ఉన్నప్పుడు ఆయన సొంతంగా ఆంప్లిఫయర్లు కట్టేవారు. కొన్న తర్వాత ఈ పెట్టెని పసిబిడ్డలా చూసుకున్నారు. దుమ్ము పడుతుందని ఆవిడ దాని మీద అల్లిక గుడ్డ కప్పడం, వేడి బయటికి పోదని ఆయన తీసెయ్యడం, మర్నాడు ఆవిడ మళ్లీ కప్పడం. ఆయన మంచాన పడ్డాక ఆ గుడ్డ తీసేవాళ్లు లేరు. "కుడివైపు స్పీకర్లన్నీ తీసేసి, ఎడమవైపున్న ఒక్కదాంట్లోంచే పాట వచ్చేట్టు చేస్తే? పాట కోసమైనా అటు చూస్తారేమో," అన్నారావిడ.

నాకు ఏ పుస్తకంలోనూ ఇలాంటిది చదివిన గుర్తు లేదు. గుంటూరు డాక్టరుగారికి ఫోన్ చేసి అడిగితే, "నష్టమేముంది, చేసి చూడండి. ఆయనకి చిరాకనిపిస్తే ఆపెయ్యండి," అన్నారు. మర్నాడు ఆవిడ శీను అనే మెకానిక్‌ని పిలిపించారు. టీవీలు, మైకు సెట్లు బాగుచేసే కుర్రాడు, మంచివాడు. సంగతంతా విని తల అడ్డంగా ఊపాడు.

"అలా చెయ్యకూడదు మేడమ్. అన్ని స్పీకర్లూ కనెక్ట్ చెయ్యకుండా ఆన్ చేస్తే ఆంప్లిఫయరు కాలిపోద్ది."

"నువ్వు చూశావా కాలిపోవడం?" అని అడిగారావిడ. కోపంగా కాదు, తెలుసుకుందామని.

"నేను చూడలేదండి. నాకు పని నేర్పినాయన చెప్పాడు. ఆయన చేతిలోనే ఒకటి పోయిందంట."

 ఆ పెట్టె కాలిపోతే మొగుడికి మిగిలిన ఒక్క ఇష్టం కూడా పోతుందని ఆవిడ భయం. నేను ఫోన్లో పాట పెట్టి ఎడమ పక్కన ఉంచుదామన్నాను. "అదీ చేశానమ్మా. రేకు డబ్బా మోతలా ఉంది, తీసెయ్యమన్నారు," అన్నారు. తర్వాత ఆవిడ చేసిన పని నాకు, శీనుకి తట్టనిది. లేచి ఆయన మంచం దగ్గరికి వెళ్లి, "ఏమండీ, మీ ఆంప్లిఫయరు సంగతి మేము మాట్లాడుకోవడమేంటి? మీరే చెప్పండి. అన్ని స్పీకర్లూ లేకుండా పాట పెడితే అది కాలిపోతుందా?" అని అడిగారు.

ఆయన గోడ చూస్తూనే ఉన్నారు. మళ్లీ "ఎందుకులే" అంటారనుకున్నాను. కొంచెంసేపటికి గొంతు సవరించుకున్నారు. "అది వాల్వు సెట్ల మాట. పాతకాలం వాల్వు ఆంప్లిఫయరుకి స్పీకరు తగిలించకుండా పాట పెడితే లోపల ట్రాన్స్‌ఫార్మరు పోతుంది. ఆ కుర్రాడి గురువు చూసింది అదే అయ్యుంటుంది. ఇది ట్రాన్సిస్టర్లది. స్పీకరు లేని చోట ఊరికే ఖాళీగా ఉంటుంది, దానికేం కాదు."

శీను మంచం దగ్గరికి జరిగాడు. "మరి దీనికి ప్రమాదం ఎక్కడ సార్?"

"వైరు కొనలు ఒకదానికొకటి తగిలితే. లేకపోతే ఆ రేకు డబ్బాకి తగిలితే. తీసేసిన స్పీకర్ల వైర్లు ఆంప్లిఫయరు దగ్గరే ఊడదీసెయ్. ముందు ప్లగ్గు పీకెయ్, ఆ తర్వాతే చెయ్యి పెట్టు. మిగిలినవి తీసేశాం కదా అని రెండు స్పీకర్లు తెచ్చి ఒకే చోట కట్టబోకు, దాని మీద భారం ఎక్కువవుద్ది. సౌండు బాగా తగ్గించి మొదలుపెట్టు." కాస్త ఊపిరి తీసుకుని, "దాని మీద ఆ గుడ్డ ఉందా ఇంకా?" అన్నారు.

"ఉందండీ," అన్నారు రాజ్యలక్ష్మిగారు.

"తీసెయ్."

ఆవిడ వెళ్లి గుడ్డ తీసి మడత పెట్టారు. ఆయన అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదలని నాతో చెప్పారు.

శీను ఆ రోజే పని చేశాడు. మంచాన్ని జరిపి, ముందువైపు ఎడమ స్పీకరుని ఆయనకి ఎడమవైపు కొంచెం ముందుగా ఒక స్టూలు మీద పెట్టాడు. మిగిలిన స్పీకర్లన్నీ లోపలి గదిలోకి వెళ్లాయి. మళ్లీ కలిపేటప్పుడు ఏది ఏదో తికమకవుతుందని వాటి వైర్లు ఆంప్లిఫయరు దగ్గర కదిలించలేదు, అవతలి కొనలకి టేపు చుట్టి వదిలేశాడు. "పాత పాటలు పెట్టండి," అన్నారు పూర్ణచంద్రరావుగారు. "వాటిలో రెండువైపులా ఒకటే ఉంటుంది. ఒక్క స్పీకర్లో విన్నా ఏమీ పోదు. కొత్త పాటైతే సగమే వినిపిస్తుంది." మొదటి రోజుల్లో పాట మొదలవగానే ఆయన కళ్లు కుడివైపే వెతికేవి. ఎడమ నుంచి వస్తున్న పాట కుడి గోడలోంచి వస్తోందని అనుకునేవారు. అయినా వినేవారు. పాట పెడితేనే కాలు కదిలిస్తానని నాతో బేరమాడేవారు. నేను ఒప్పుకునేదాన్ని.

ఒక సాయంత్రం రాజ్యలక్ష్మిగారు తెలియక ఒక కొత్త పాట పెట్టారు. సగం దాకా విని ఆయన నుదురు చిట్లించారు. "ఇక్కడ వయొలిన్లు రావాలే. ఏవీ?" అన్నారు. అవి కుడి స్పీకర్లో వచ్చేవి, ఆ స్పీకరు లోపలి గదిలో మూలన ఉంది. ఆవిడ పాట ఆపి నా వైపు చూశారు. ఆ చూపు నాకు అర్థమైంది. పప్పు కంచంలో ఉన్నా లేదనుకున్న మనిషికి, లేని వయొలిన్లు ఉండాలని తెలిసింది. ఆయన బాగా ఎరిగినదాంట్లో ఆయన ధ్యాస ఇంకా చెక్కుచెదరలేదు. ఆ రోజు నుంచి ఆవిడ ఏ పని చెయ్యాలన్నా ఆయన్ని అడగడం మొదలుపెట్టారు. ఫ్యూజు ఎలా మార్చాలి, ఫ్యాను ఎందుకు మూలుగుతోంది, మీటరు ఎలా చదవాలి. తెలిసినవి కూడా అడిగేవారు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి హాలంతా నిశ్శబ్దంగా ఉంది. ఆవిడ అల్మారా వెనక నేల మీద కూర్చుని టార్చి పట్టుకుని ఉన్నారు. ముఖం పాలిపోయింది. పనిమనిషి ఊడుస్తుంటే వైర్లు కదిలాయి, వేడికి జిగురు పోయిన టేపు ఊడి, రాగి తీగలు రెండూ తగులుకున్నాయి. పాట మధ్యలో టక్‌మని ఆగిపోయి, ముందు దీపం ఎర్రగా మిణుకుమిణుకుమందట. "కాల్చేశానేమో అమ్మాయ్," అన్నారు నాతో, ఆయనకి వినపడకుండా. ఆయనకి వినపడనే వినపడింది. "కాలిపోతే వాసన వచ్చేది. తనను తాను కాపాడుకోవడానికి ఆగింది. ప్లగ్గు పీకావా?" అన్నారు. పీకానన్నారావిడ. "వైర్లు ఆంప్లిఫయరు దగ్గరే తియ్యమన్నాను ఆ కుర్రాణ్ని. ఇప్పుడు నువ్వు తియ్యి. మన ఎడమ స్పీకరుది ఒక్కటీ ఉంచి మిగతావన్నీ పీకెయ్."

"ఏది ఏదో నాకు తెలియట్లేదండీ. రాసిన అక్షరాలు చెరిగిపోయాయి. మీరు చెప్పండి."

ఆ పెట్టె వెనక ఏముందో ఆయనకి కళ్లు మూసుకున్నా తెలుసు. చెప్పడం మొదలుపెట్టారు. కుడి చివర వెనక స్పీకర్ల జతలు, వాటి పక్కన మధ్య స్పీకరుది. ఆవిడ ఒక్కొక్కటే మరలు వదులు చేసి తీసేశారు. ఆయన ఆగారు. "అంతే," అన్నారు.

"ఇంకా ఉన్నాయి కదండీ, ఇటు పక్కన."

"ఎటు పక్కన? ఇంకేం లేవు."

"మరి మన ఎడమ స్పీకరుది ఏదండీ? అది మీరు చెప్పలేదు."

 ఆయన కళ్లు మూసుకున్నారు. ఉండాలి, అది ఉండి తీరాలి, లేకపోతే ఇన్నాళ్లూ పాట ఎలా వచ్చింది? ఎంత వెతుక్కున్నా ఆయనకి ఆ పెట్టెలో ఎడమ సగం కనిపించలేదు. తన చేతులతో ఎన్నోసార్లు విప్పి బిగించిన పెట్టె. అప్పటిదాకా తనకేదో తక్కువైందని మేమెంత చెప్పినా ఆయన నమ్మలేదు. కంచంలో పప్పు మేమే తర్వాత వేశామనుకున్నారు. అప్పుడు మాత్రం ఆయన చెంప మీద నీళ్లు కారాయి. "రాజ్యం, నా తలలో సగం లేదే," అన్నారు.

 ధైర్యం చెప్పే మాటలేవో అనబోయాను. ఆవిడ నన్ను చేత్తో ఆపారు. నేల మీద నుంచి లేవకుండానే, ఏదో చీర రంగు గురించి అడిగినట్టు మామూలుగా అడిగారు. "మీరెప్పుడూ వెనక్కి వచ్చేవారు కాదు కదండీ. ముందు నిలబడి, పైనుంచి చెయ్యి పోనిచ్చి తడుముతూ వైర్లు పెట్టేవారు. అలా నిలబడ్డాననుకుని చెప్పండి."

ఆయన కుడిచెయ్యి దుప్పటి మీద కొంచెం కదిలింది. ఏదో తడుముతున్నట్టు వేళ్లు ముడుచుకున్నాయి. "ఈ చివర," అన్నారు, "ముందు ఎడమ స్పీకరుది. ఎర్రదీ, నల్లదీ. దాని పక్కన ముందు కుడిది." ఇందాక లేదన్న సగమంతా చెప్పారు. ఇందాక చెప్పిన సగం ఈసారి ఒక్కటీ చెప్పలేదు. ముందునుంచి చూస్తే అది ఆయనకి ఎడమవైపు అయింది. కాలేజీలో మా మేడమ్ ఇలా జరుగుతుందని చెప్పినప్పుడు పరీక్ష కోసం రాసుకున్నాను. అది ఒక మనిషి ముఖంలో జరగడం చూడటం వేరు. 

"మీ తలలో సగం లేకపోతే ఇప్పుడు చెప్పింది ఎక్కడి నుంచి వచ్చింది?" అన్నారు రాజ్యలక్ష్మిగారు. "అంతా ఉంది. అటు నుంచి అడగాలి, అంతే. ఎర్రది పైనా, కిందా?"

"పైన," అన్నారాయన, కుడిచేత్తో ముఖం తుడుచుకుని.

ఆవిడ మిగిలినవన్నీ తీసి, నల్ల టేపు పళ్లతో కొరికి వాటి కొనలకి చుట్టి, ఎడమ స్పీకరు వైరు సరిచూసి, విడి తీగలేవీ బయటికి రాకుండా మెలిపెట్టి బిగించారు. కొంచెంసేపు ఆగమన్నారాయన. తర్వాత ప్లగ్గు పెడితే దీపం మామూలుగా వెలిగింది, పాట వచ్చింది. "ఈసారికి కాపాడుకుంది. ప్రతిసారీ దాన్నే నమ్ముకుని కూర్చోకూడదు," అన్నారాయన, ఆంప్లిఫయరు గురించే.

ఆ మధ్యాహ్నం తర్వాత ఆయన మారారు. ఎడమవైపు ఒకటుందని ఆయనకి ఎవరో చెబితే తెలిసింది కాదు, తనే పట్టుకున్నారు. దాంతో వెతకడం మొదలుపెట్టారు. అన్నం తింటూ మధ్యలో ఆగి, "ఇంకా ఉందా?" అని తనను తానే ప్రశ్నించుకుని, కంచం అంచు పట్టుకుని వేలితో చుట్టూ తడిమేవారు. మొదట్లో వేలు మధ్యలోనే ఆగిపోయేది. వ్యాయామాలకి "ఎందుకులే" అనడం తగ్గింది. విసుగులు, తిట్లు మాత్రం ఎక్కువయ్యాయి. తిడుతున్నందుకు ఆవిడ సంతోషపడేవారు. రోజూ పాట పెట్టి, స్పీకరు పక్కన పీట వేసుకుని చీరలకి కుచ్చులు ముడేస్తూ కూర్చునేవారు. పిలిచేవారు కాదు, పలకరించేవారు కాదు.

వానాకాలం మొదట్లో ఒకరోజు నేను ఆయన కాలికి వ్యాయామం చేయిస్తున్నాను. పాట నడుస్తోంది. చరణానికీ చరణానికీ మధ్య ఆయన తల మెల్లగా కదిలింది. గోడ మీద నుంచి కిటికీ మీదికి, కిటికీ నుంచి స్టూలు మీదున్న స్పీకరు మీదికి చూపు వెళ్లింది. అక్కడ కొంచెం ఆగి, ఇంకాస్త పక్కకి వెళ్లి ఆవిడ మీద నిలిచింది.

"నువ్వెప్పుడొచ్చావు రాజ్యం?" అన్నారు.

ఆవిడ ముడి వెయ్యడం ఆపలేదు. "పెళ్లయినప్పటి నుంచీ ఇక్కడే ఉన్నానండీ," అన్నారు.

ఆయన నవ్వారు. నోరు ఒక పక్కకే వంగింది కానీ నవ్వే అది. నేను కాలు పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆవిడ పాట అయిపోయేదాకా కూర్చుని, లేచి పెరట్లోకి వెళ్లారు. చాలాసేపు లోపలికి రాలేదు. నేనూ పిలవలేదు.

ఆయన పూర్తిగా కోలుకున్నారని చెప్పను. చేతికర్ర పట్టుకుని నడవగలిగారు. ఎడమ భుజం గుమ్మాలకి కొట్టుకుంటూనే ఉండేది. ఒక ఆదివారం వాళ్లిద్దరితో నేనూ ఆటోలో వాడరేవు వెళ్లాను. ఎండు చేపల వాసన మధ్య ఇసుకలో కుర్చీ వేసి కూర్చోబెడితే, సముద్రాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా తల తిప్పుతూ చూశారు. ఎడమవైపు చివరికి వచ్చేసరికి ఇంకా ఉందేమోనని ఇంకాస్త తిప్పారు. పడవలున్నాయి అటు. "అవిగో," అన్నారు, తనే కనిపెట్టినట్టు. రాజ్యలక్ష్మిగారు ఆయనకి చెవుల మీదుగా మఫ్లరు కట్టి, "ఆఁ, చూశాను," అన్నారు.

స్పీకర్లన్నీ మళ్లీ పెట్టించమంటే ఆయన తొందరపడలేదు. ముందు రెండే పెట్టించారు. సినిమా పెడితే సంగీతం వస్తోంది, మాటలు రావట్లేదని ఆవిడ కంగారుపడ్డారు. మధ్య స్పీకరు లేదన్న సంగతి ఆంప్లిఫయరు మెనూలో చెప్పాలనీ, చెప్పకపోతే మాటలన్నీ లేని స్పీకరుకే పంపుతూ ఉంటుందనీ చెప్పి ఆయన రిమోటు అడిగి తీసుకున్నారు. ఆ మార్పు ఆయనే చేశారు. తెర మీద ఎడమ మూలనున్న అక్షరాలు చదవడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ ఒక్కటి కూడా చదివి చెప్పలేదు. నేను చెప్పబోతే నా మోకాలి మీద చెయ్యి వేశారు.

కొన్నేళ్ల తర్వాత ఆయన నిద్రలోనే పోయారు. అప్పటికి నేను ఒంగోల్లో సొంతంగా క్లినిక్ పెట్టుకున్నాను. తర్వాత ఒకసారి చీరాల వెళ్లినప్పుడు ఆవిడని చూశాను. చీరల వ్యాపారం తగ్గించుకున్నారు. కాఫీ ఇస్తూ, "ఆయనున్నప్పుడు ఇదంతా గోల అనుకునేదాన్ని. ఇప్పుడు ఫోన్లో పాట వింటే నాకే రేకు డబ్బాలా ఉంటోంది," అని నవ్వారు. మీకు ఆ రోజు, శీను వద్దన్నాక, అంత ధైర్యం ఎలా వచ్చిందని అడిగాను.  "ధైర్యం కాదమ్మా. ఆయన మంచాన పడ్డాక ఈ ఇంటికి వచ్చినవాళ్లంతా ఆయనకి ఏదో ఒకటి చెప్పేవాళ్లే. మందులేసుకో, చెయ్యెత్తు, దిగులు పడకు. ఆయన్ని అడిగేవాళ్లు లేరు. ఊళ్లో సగంమంది ఆయన్ని అడిగి పనులు చేసుకునేవాళ్లు ఒకప్పుడు. నేను అడిగానంతే." నేను కూడా ఆ చెప్పేవాళ్లలో ఉన్నాను. ఆవిడ నన్ను ఉద్దేశించి అనలేదు. ఆ తర్వాత ఏడాదికి ఆవిడ కూడా పోయారు. నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు నేను ఏ ఇంటికి వెళ్లినా మొదటి రోజు వ్యాయామం చేయించను. ఈ మనిషికి ఏం పని బాగా వచ్చని ఇంట్లోవాళ్లని అడుగుతాను. ఆ పని నాకు నేర్పమని రోగిని అడుగుతాను. అలా నేను మంచాల పక్కన కూర్చుని మిరపకాయల్లో తాలు ఏరడం నేర్చుకున్నాను, గోంగూర పచ్చడికి నూనె ఎంత కాగాలో నేర్చుకున్నాను. నా దగ్గర పని నేర్చుకుంటున్న ఇద్దరమ్మాయిలకి మొదట ఇది వింతగా ఉంటుంది. టైం వృథా కదా మేడమ్ అంటారు. కూర్చోండి, చూడండి అంటాను.

ఈ మధ్య అద్దంకిలో ఒక టైలరు ఇంటికి వెళుతున్నాను. కుడి చెయ్యి పడిపోయింది, మాట తడబడుతుంది, నెలరోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు. నిన్న ఒక జాకెట్టు గుడ్డ, కత్తెర తీసుకెళ్లి ఆయన ముందు కూర్చున్నాను. ఎక్కడ కత్తిరించాలో అడిగి, ఆయన చెప్పే ఓపిక లేనట్టు చూస్తుంటే, నాకు తోచిన చోట కత్తెర పెట్టాను. ఆయన ఎడమ చెయ్యి గబుక్కున వచ్చి నా మణికట్టు పట్టుకుంది. చాలాసేపు మాట కోసం తంటాలు పడ్డారు. భార్య గుమ్మంలో నిలబడి చూస్తోంది, నేను కదలలేదు.

"అక్కడ కాదు," అన్నారు చివరికి. "గుడ్డ... ముందు... తడపాలి."

నేను లేచి నీళ్లు తేవడానికి వెళ్లాను.